వరద తీశాక గుంట కనబడదు: పియర్ల చుట్టూ కోతను పట్టుకునేదెలా?

పియర్‌నంబర్3
ఇసుక అడుగున్న నదిపై వంతెన. దాని పియర్ల (స్తంభాల) చుట్టూ వరద నీరు ఇసుకను తవ్వుకుపోయే కోత గురించి అడుగుతున్నాను. వివరాలు ఇవీ, మట్టాలన్నీ మీటర్లలో: పియర్ మందం 1.5 మీ., పొడవు 9 మీ., ముక్కు గుండ్రం. నది అడుగు మట్టం 42.0, డిజైన్ వరద మట్టం 46.0. పైల్ క్యాప్ (నేలలోకి దింపిన పైళ్ల తలలను కలిపే కాంక్రీటు దిమ్మ) పైభాగం 40.5, అడుగుభాగం 39.0, క్యాప్ వెడల్పు 5 మీ. పైళ్ల కొన 22.0. డిజైన్ కాగితాల్లో గరిష్ఠ కోత మట్టం 33.4 అని ఉంది.

ఏటా వరద తీశాక సౌండింగ్ రాడ్‌తో కొలుస్తున్నారు. ఎప్పుడు చూసినా 41.0కీ 41.5కీ మధ్యే. అంటే కోత మీటరుకు మించడం లేదు. సూత్రం పెట్టి చూస్తే మాత్రం 3 మీటర్లు దాటుతోంది. లెక్క తప్పా, కొలత తప్పా? శాశ్వతంగా ఒక పరికరం బిగించాలంటే ఏది మేలు?

ఇసుకమేట
కొలిచిన సమయం తప్పు. కోత వరద ఉద్ధృతిలో జరుగుతుంది, మేట వరద తగ్గుతున్నప్పుడు వేస్తుంది. పియర్ ముక్కుకు కొట్టుకున్న నీరు కిందికి దిగి, అడుగున గుర్రపునాడా ఆకారపు సుడిగా తిరిగి, ఇసుకను రెండు పక్కలకూ లాక్కుపోతుంది. వేగం తగ్గగానే ఆ సుడి బలం పోతుంది. ఎగువ నుంచి దొర్లుకుంటూ వస్తున్న ఇసుక అదే గుంటలో పడి నింపేస్తుంది. మీ రాడ్ కొలుస్తున్నది ఆ పూడికను. గుంట దాని కింద ఉంది.

పోయిన వరదలో ఎంత లోతు పోయిందో రాడ్‌తోనే కొంత అంచనా వేయొచ్చు. 20 మి.మీ. ఉక్కు రాడ్‌ను ముక్కు ముందు చేత్తో నొక్కండి. కొత్త మేటలో రాడ్ మెత్తగా దిగిపోతుంది, పాత గట్టి ఇసుక తగలగానే మొరాయిస్తుంది. ఆ మార్పు వచ్చిన మట్టం రాసుకోండి. పియర్‌కు దూరంగా, కోత లేని చోట అదే రాడ్‌ను నొక్కి పోల్చి చూడాలి, లేకపోతే ఏది మెత్తనో ఏది గట్టో తేలదు. అడుగున కంకర, బంకమట్టి పొరలుంటే మాత్రం ఈ పద్ధతిని నమ్మొద్దు.

లెక్కలచిట్టా
లెక్క కూడా సగమే చేసినట్టున్నారు. లోతు 4 మీ., వేగం సెకనుకు 2.5 మీ. అనుకుందాం. ఫ్రూడ్ సంఖ్య (వేగాన్ని లోతుతో పోల్చే నిష్పత్తి) 0.40. హెచ్‌ఈసీ-18 (అమెరికా రహదారి శాఖ వారి కోత మాన్యువల్) లోని పియర్ సూత్రంలో గుండ్రటి ముక్కుకు గుణకం 1.0, అడుగు స్థితికి 1.1 వేస్తే 3.1 మీ. వస్తుంది. మీకు వచ్చింది ఇదే అయి ఉండాలి. ఇది నీళ్లు పియర్‌కు తిన్నగా వస్తే.

ప్రవాహం 15 డిగ్రీలు వాలుగా తాకితే? మీ పియర్ పొడవు మందానికి ఆరు రెట్లు. వాలు గుణకం 1.82 అవుతుంది. 3.1 కాస్తా 5.7 మీ. అవుతుంది. నది అడుగు 42.0 నుంచి తీసేస్తే 36.3. మీ క్యాప్ అడుగు 39.0. అంటే క్యాప్ మొత్తం బయటపడి పైళ్లు కనబడాలి. అప్పుడు నీటికి అడ్డం 1.5 మీటర్ల పియర్ ఒక్కటే కాదు, 5 మీటర్ల క్యాప్ కూడా. క్యాప్ పైభాగం అడుగు మట్టానికి కిందే ఉన్నంత కాలం అది కోతను కాస్త ఆపుతుంది, బయటపడ్డాక అదే కోతను పెంచుతుంది. పియర్, క్యాప్, పైళ్ల గుంపు, మూడింటికీ విడివిడిగా లెక్కకట్టి కలపాలి.

కొత్తమెంబర్_బ్రిడ్జి
నాకొక సందేహమండీ. లేసీ పద్ధతిలో (మన దగ్గర వాడే పాత కోత సూత్రం) ఇదే నదికి 12.6 మీ. వస్తోంది. ఒక సూత్రం 3, ఇంకొకటి 12. ఇంత తేడా ఉంటే ఏది నమ్మాలి?

లెక్కలచిట్టా
@కొత్తమెంబర్_బ్రిడ్జి రెండింటికీ మొదలు వేరండీ. లేసీ లోతును వరద మట్టం నుంచి కిందికి కొలుస్తారు, హెచ్‌ఈసీ-18 లోతును నది అడుగు నుంచి. మీటరు వెడల్పుకు 10 ఘనమీటర్ల ప్రవాహం, 0.3 మి.మీ. ఇసుక: సిల్ట్ గుణకం (ఇసుక రేణువు సైజును బట్టి వచ్చేది) 0.96. సగటు కోత లోతు 6.3 మీ., పియర్ దగ్గర దానికి రెట్టింపు, 12.6. వరద మట్టం 46.0 నుంచి తీసేస్తే 33.4. డిజైన్ కాగితాల్లోని అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది కదా. అదే నది అడుగు నుంచి కొలిస్తే 8.6 మీ. పైగా ఇందులో నది అడుగు మొత్తంగా దిగడం కూడా కలిసే ఉంది, 3.1లో ఉన్నది పియర్ చుట్టూ గుంట ఒక్కటే.

అందుకే ఏ కొలతనైనా ‘లోతు’ అని రాయొద్దు, మట్టం రాయండి. వరద 2 మీ. పెరిగితే లోతు కూడా 2 మీ. పెరుగుతుంది, అడుగు అంగుళం కదలకపోయినా సరే.

లాగర్‌గది
పరికరం సంగతికి వస్తాను. నీరు ఎప్పుడూ ఉండే పాయలో నా ఓటు స్థిర ఎకో సౌండర్‌కే (శబ్దం పంపి, ప్రతిధ్వనిని బట్టి దూరం కొలిచే పరికరం). గుంట పడటం, పూడటం రెండూ అది చూపిస్తుంది. కానీ బిగింపులో జరిగే తప్పులు ఎక్కువ, వరసగా చెబుతాను.

చోటు: గుంట లోతైన చోటు సాధారణంగా ఎగువ ముక్కు దగ్గరే ఉంటుంది. ప్రవాహం వాలుగా ఉంటే తాకే పక్కకు జరుగుతుంది, వాలు పెరిగేకొద్దీ దిగువ కొస వైపు పోతుంది. అందుకే ముందు వరద రోజుల్లో నీళ్లు ఏ వైపు నుంచి వస్తున్నాయో పైనుంచి ఫొటోలు తీసి కోణం కొలవాలి. వేసవి పాయను చూసి ట్రాన్స్‌డ్యూసర్ (శబ్దం పంపి వినే భాగం) బిగిస్తే వరదలో అది తప్పు చోటును చూస్తూ కూర్చుంటుంది.

ఎత్తు: వేసవి కనిష్ఠ నీటిమట్టానికి అర మీటరైనా కింద. పైన పెడితే వేసవిలో గాల్లో తేలి పిచ్చి అంకెలిస్తుంది. మరీ కింద పెడితే మేటలో కూరుకుపోతుంది. ముఖం ముందు దాదాపు అర మీటరు దాకా చాలా పరికరాలకు ఏమీ కనబడదని గుర్తుంచుకోండి.

కోణం: నిట్టనిలువుగా పెడితే కిరణం క్యాప్ అంచుకు తగిలి 40.5 అని ఏళ్లతరబడి ఒకే అంకె వస్తుంది. అందరూ ‘కోత లేదు’ అని సంతోషిస్తారు. ముక్కు నుంచి బయటికి 10–15 డిగ్రీలు వంచండి. వంచినందుకు వాలు దూరాన్ని నిలువు దూరంగా మార్చే గుణకం లాగర్‌లో (రీడింగ్‌లు నమోదు చేసే పెట్టెలో) వేయడం మరవొద్దు.

కిరణం వెడల్పు: 8 డిగ్రీల కిరణం 8 మీటర్ల దూరంలో 1.1 మీ. వెడల్పు వృత్తమవుతుంది. ముందు తిరిగొచ్చే శబ్దం ఆ వృత్తంలో ఎత్తుగా ఉన్న చోటిది. కాబట్టి ఇరుకు గుంటను పరికరం ఎప్పుడూ తక్కువ లోతుగానే చూపుతుంది. తప్పు ప్రమాదం వైపే మొగ్గుతుందన్నమాట.

శబ్ద వేగం: 20 డిగ్రీల మంచినీటిలో సెకనుకు సుమారు 1482 మీ., 30 డిగ్రీల్లో 1509. పెట్టెలో 1500 అని ఉండి నీరు 15 డిగ్రీలుంటే (అప్పుడు 1466) 8 మీటర్లకు 18 సెం.మీ. తేడా. ఉష్ణోగ్రత సెన్సర్ పక్కనే పెడితే గొడవ లేదు.

వరదలో బురద, గాలి బుడగలు ఉంటాయి. ఒక్క పింగ్‌ను (ఒకసారి పంపిన శబ్దాన్ని) నమ్మొద్దు. ప్రతిసారీ 30 పింగ్‌లు పంపి మధ్యస్థ విలువ తీసుకోండి, ప్రతిధ్వని బలం కూడా రాసి పెట్టుకోండి. అంకె ఉన్నట్టుండి 3 మీ. పైకి గెంతి బలం పడిపోతే అది మేట కాదు, కిరణానికి చెట్టుకొమ్మ అడ్డం పడింది. మామూలు రోజుల్లో అరగంటకోసారి, నీటిమట్టం హద్దు దాటగానే 5 నిమిషాలకోసారి రీడింగ్ చాలు.

కాలర్‌గొట్టం
లాగర్‌గది గారు చెప్పినవన్నీ నిజమే. కానీ కొమ్మలు, చెత్త మోసుకొచ్చే నదిలో ఆ బ్రాకెట్ మొదటి పెద్ద వరదకే ఊడిపోతుంది. సరిగ్గా రీడింగ్ కావాల్సిన గంటలోనే పరికరం ఉండదు. నా ఓటు అయస్కాంత కాలర్‌కు.

పని తీరు చాలా సాదా. సుమారు 50 మి.మీ. స్టెయిన్‌లెస్ గొట్టాన్ని ఊహించిన గరిష్ఠ కోత మట్టానికి ఇంకా కిందికి దిగ్గొట్టాలి. దాని చుట్టూ అయస్కాంతాలున్న కాలర్ నది అడుగు మీద కూర్చుంటుంది. ఇసుక పోయినకొద్దీ కాలర్ జారుతుంది. గొట్టం లోపల 15 సెం.మీ.కు ఒకటి చొప్పున రీడ్ స్విచ్‌లుంటే (అయస్కాంతం దగ్గరైతే పనిచేసేవి) కాలర్ ఎక్కడుందో లాగర్‌కు తెలుస్తుంది. కరెంటు లేకపోతే స్విచ్ ఉన్న చిన్న ప్రోబ్‌ను తీగతో దించి, బజర్ మోగిన చోట తీగ పొడవు చదువుకోవచ్చు. కాలర్ పైకి రాదు కాబట్టి వరద తీశాక వారానికి వెళ్లినా గరిష్ఠ కోత మట్టం అక్కడే ఉంటుంది. మొదటి పోస్టులోని ప్రశ్నకు సూటి జవాబు అదే కదా.

లాగర్‌గది
ఒక్కసారికి సరే. మొదటి వరదలో కాలర్ 37కు దిగింది, మీద మేట పడింది. రెండో వరదలో 38 దాకా కోత పోతే మీ గొట్టానికి తెలియదు. ఇప్పుడు గుంట తెరిచి ఉందా, పూడిందా అన్నది అసలే తెలియదు. గొట్టానికి ఒక దుంగ తగిలి వంగితే కాలర్ ఇరుక్కుని 41 దగ్గరే నిలబడిపోతుంది. చదివేవాళ్లు ‘కోత లేదు’ అనుకుంటారు.

కాలర్‌గొట్టం
ఇరుక్కోవడం నిజమైన సమస్యే. గొట్టం పైభాగాన్ని పియర్‌కు దగ్గరగా క్లాంప్ వేసి, ముక్కుకు అర మీటరులోపే నిలబెడితే దుంగ తగిలే అవకాశం తగ్గుతుంది. దిగ్గొట్టేటప్పుడు లోపల డమ్మీ ప్రోబ్ చివరిదాకా పోతోందా చూడాలి. మధ్యలో ఆగితే గొట్టం వంకర పోయినట్టే, పీకి మళ్లీ కొట్టాలి. రెండో వరద సంగతి ఒప్పుకుంటాను. అందుకే పియర్‌కు ఒకటి అది, ఒకటి ఇది అని పెడితే ఒకదాని గుడ్డితనం ఇంకొకదానికి ఉండదు.

ఎండిననది
ఏడాదిలో సగం ఎండిపోయే నదులకు ఈ రెండూ అంత కుదరవు. అలాంటి చోట తేలే గుళికలు మంచివి. ఎండిన రోజుల్లో బోరు వేసి ముక్కు ముందు, మట్టం లెక్కించుకుని, ఒకదాని కింద ఒకటి రెండు మూడు పాతిపెడతారు. కోత ఆ మట్టానికి రాగానే గుళిక తేలి పైకొస్తుంది, అడ్డం తిరగ్గానే లోపలి స్విచ్ రేడియో సంకేతం పంపుతుంది. ఒక్కో గుళికకు ఒక్క అంకే, ఒక్కసారే. పాతిపెట్టాక పరీక్షించే వీలు లేదు, బ్యాటరీ వయసు క్యాలెండర్‌లో రాసుకుని మార్చాల్సిందే. బోరు గుంతను తీసిన ఇసుకతోనే గట్టిగా పూడ్చండి. వదులుగా వదిలేస్తే చిన్న నీటికే గుళిక లేచి అబద్ధపు గంట కొడుతుంది.

కొత్తమెంబర్_బ్రిడ్జి
పియర్ మీద టిల్ట్ మీటర్ (వంపు కొలిచేది) పెడితే సరిపోదా? నీళ్లలో దిగే పనే లేదు.

ఇసుకమేట
టిల్ట్ మీటర్ కోతను కొలవదండీ, కోత ఫలితాన్ని కొలుస్తుంది. 10 మీటర్ల పియర్ 0.1 డిగ్రీ వంగితే తల 17 మి.మీ. కదులుతుంది. ఎండకే పియర్ రోజూ కొంచెం వంగి నిలబడుతుంది కాబట్టి ఒక ఏడాది రుతువులన్నీ రికార్డు చేసుకుంటేగాని ఏది ఎండ, ఏది పునాది అన్నది విడదీయలేం. పొడవాటి పైళ్లుంటే ముందు కొంత కదలిక కనబడొచ్చు. మట్టి మీద నేరుగా కూర్చున్న ఓపెన్ ఫౌండేషన్ అయితే కదిలిందీ కూలిందీ ఒకేసారి తెలియొచ్చు. పెట్టండి, కానీ ఆఖరి గంటగా పెట్టండి. పియర్ సహజ కంపన పౌనఃపున్యం కూడా అంతే: ఇసుక పోతే ఆధారం లేని పొడవు పెరిగి పౌనఃపున్యం తగ్గుతుంది, అయితే ఉష్ణోగ్రత, వాహనాల బరువు, నీటిమట్టం కూడా దాన్ని కదుపుతాయి.

తూకంతాడు
పరికరాలు వచ్చేలోపు ఈ వరదకే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. డెక్ మీద నుంచి బరువు కట్టిన తాడు. పద్ధతి పాతదే, తప్పులూ పాతవే.

రెయిలింగ్ మీద ప్రతి పియర్ దగ్గర మూడు చోట్ల రంగు గుర్తు పెట్టి ఆ గుర్తుల మట్టం లెవెల్ వేసి రాసుకోండి. కొలత ఆ గుర్తు నుంచే, నీటి పైతలం నుంచి కాదు. సెకనుకు 3 మీ. వేగంలో ముక్కు దగ్గర నీరు 0.46 మీ. దాకా ఎగదన్నుతుంది, ఆ తలాన్ని ఆధారం చేసుకుంటే కొలత అక్కడే పాడైపోతుంది.

బరువు చాలకపోతే తాడు దిగువకు కొట్టుకుపోతుంది. వాడుకలో ఉన్న మోటు లెక్క: అడుగుల్లో లోతును, సెకనుకు అడుగుల్లో వేగంతో గుణిస్తే కనీస బరువు పౌన్లలో వస్తుంది. 6 మీ. లోతు, 3 మీ. వేగానికి దాదాపు 90 కిలోలు. చేత్తో పట్టే పని కాదు, చిన్న క్రేను, వించి, చేప ఆకారపు బరువు కావాలి. తాడు నిలువుకు ఎన్ని డిగ్రీలు వాలిందో చూసి సవరణ వేయండి. నీటిపైన 12 మీ. తాడు 15 డిగ్రీలు వాలితే నిలువు దూరం 11.6 మాత్రమే. నీటి లోపలి భాగానికి సవరణ వేరుగా ఉంటుంది, పైదానితో కలిపి ఒకే గుణకం వేయొద్దు. 30 డిగ్రీలు దాటితే ఆ రీడింగ్ కొట్టేయండి.

వరద ఎక్కుతున్నప్పుడు, ఉద్ధృతిలో, తగ్గుతున్నప్పుడు, మూడు సార్లూ కావాలి. చీకట్లో, రెయిలింగ్ మీద నీళ్లు చిమ్ముతున్నప్పుడు మాత్రం మనిషిని పంపొద్దు.

హద్దుగీత
అంకెలు వచ్చాక ఏం చేస్తారు? ఈ ప్రశ్నకు కాగితం మీద జవాబు లేకుండా పరికరం కొనడం వృథా. ఈ వంతెనకే చూద్దాం. పైళ్లు 33.4 దాకా కోతకు తట్టుకుంటాయని డిజైన్. ఆ అంకె దగ్గర వాహనాలు ఆపితే ఆలస్యమైనట్టే. వెనక్కి లెక్కవేయాలి.

హెచ్చరిక అందాక గేట్లు వేసి రెండు వైపులా వాహనాలు ఖాళీ చేయడానికి 3 గంటలు పడుతుందనుకోండి. రికార్డులో కోత వేగం గంటకు అర మీటరు అయితే ఆ 3 గంటల్లో 1.5 మీ. పోతుంది. పరికరం తప్పు 0.3 మీ. కలపండి. 33.4 + 1.5 + 0.3 = 35.2. వంతెన మూసే మట్టం అది. దానికి పైన మనిషి వెళ్లి తాడుతో సరిచూసే మట్టం ఒకటి, ఈ వంతెనకు 37 అనుకోవచ్చు. ఇంకా పైన 39.0, అంటే క్యాప్ అడుగు. అక్కడికి రాగానే రీడింగ్ 5 నిమిషాలకు మారాలి. లెక్కలచిట్టా గారు చెప్పినట్టు అక్కడి నుంచి కోత స్వభావమే మారుతుంది.

రెండు విషయాలు. 33.4 నిజంగా సురక్షితమా అని డిజైనర్‌తో మళ్లీ చూపించండి: అంత పొడవు బయటపడ్డ పైళ్ల మీద అడ్డబలం, చెత్త మోపు పట్టినప్పుడు నీటి తోపు, రెండూ కలిపి. రెండోది, పరికరం నుంచి గంటసేపు డేటా రాకపోతే ఏం చేయాలో కూడా ఆ కాగితంలో ఉండాలి. వరదలో డేటా ఆగిందంటే అంతా బాగుందని కాదు, మనిషిని పంపమని.

రాయివేద్దాం
ఇంత ఖర్చెందుకు? పియర్ చుట్టూ పెద్ద రాళ్లు పోస్తే పోదా?

ఇసుకమేట
@రాయివేద్దాం పోయొచ్చు, కానీ రాళ్లు పోసి మరిచిపోతే స్కొహారీ అవుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో స్కొహారీ క్రీక్ వంతెన 1987 ఏప్రిల్ 5న వరదలో కూలి 10 మంది పోయారు. పియర్ల చుట్టూ రాతి రక్షణను సరిగా నిలబెట్టకపోవడాన్నే దర్యాప్తు కారణంగా చూపింది. ఓపెన్ ఫౌండేషన్, కింద మట్టి పోయింది, పైన ఏ సూచనా లేదు.

రాయి సైజు: హెచ్‌ఈసీ సూత్రంలో గుండ్రటి ముక్కుకు వేగాన్ని 1.5తో గుణిస్తారు. పియర్ దగ్గరి వేగం సెకనుకు 3 మీ. అయితే మధ్యస్థ రాయి 0.43 మీ. పొర మందం దానికి కనీసం మూడు రెట్లు, 1.3 మీ. వెడల్పు పియర్ మందానికి రెండు రెట్లు, ప్రతి పక్కా. కింద ఫిల్టర్ (ఇసుకను ఆపే పొర) లేకపోతే రాళ్ల సందుల్లోంచి ఇసుక జారిపోయి రాళ్లు ఒక్కొక్కటే దిగబడతాయి. ఫిల్టర్‌ను రాళ్ల అంచుదాకా లాగొద్దు, మూడింట రెండు వంతుల దూరంలో ఆపాలి, అప్పుడే అంచు రాళ్లు గుంటలోకి దొర్లి కుదురుకుంటాయి. రాతి పైభాగం నది అడుగుతో సమంగా ఉండాలి. గుట్టలా పోస్తే ఆ గుట్టే కొత్త అడ్డమవుతుంది. క్యాప్ బయటపడే మీ వంతెనకు మందం 1.5 అని కాకుండా క్యాప్‌తో లెక్కకట్టాలి, పోయాల్సిన రాయి మొత్తం చాలా పెరుగుతుంది.

ఇంకో మాట: రాళ్లు పోస్తే ఎకో సౌండర్ రాళ్లనే చూస్తుంది, ఇసుకను కాదు. రాళ్లు కుంగుతున్నాయా అన్నది కొలవండి.

దిగువపాయ
పియర్ దగ్గరే చూస్తే చాలదు. నది అడుగు మొత్తంగా దిగుతుంటే పియర్ గుంట దాని మీద అదనం. ఎగువ జలాశయం ఇసుకను ఆపేసినా, దిగువన ఇసుక తవ్వినా, దిగువ ఆనకట్ట తెగినా ఇదే జరుగుతుంది. పోర్చుగల్‌లో హింట్జ్ రిబేరు వంతెన 2001 మార్చి 4న కూలి 59 మంది పోయారు. ఇసుక తవ్వకంతో అడుగు దిగిపోవడం అందులో కారణం.

వంతెనకు ఎగువ, దిగువ చెరో రెండు చోట్ల శాశ్వత గుర్తులు పాతి ఏటా ఒకే గీత మీద అడ్డుకోతలు (నదికి అడ్డంగా అడుగు మట్టాలు) కొలవండి. లోతైన పాయ ఏ పియర్ వైపు జరుగుతోందో వాటిలోనే తెలుస్తుంది. ఈ ఏడాది మూడో పియర్ దగ్గరున్న పాయ, గట్టు కోసుకుపోతే అబట్‌మెంట్ (వంతెన కొసను మోసే గోడ) దగ్గరికి పోతుంది. పరికరం మూడో పియర్‌నే చూస్తుంటుంది.

ఐర్లాండ్‌లో 2009 ఆగస్టు 21న మలహైడ్ రైలు వంతెన భాగం కూలింది, అదృష్టవశాత్తు ఎవరూ పోలేదు. అక్కడ దిగుతున్నది పియర్ల కింద రాతి కట్ట. దాన్ని నిలబెట్టాలంటే రాళ్లు పోస్తూ ఉండాలన్న సంగతే సంస్థ జ్ఞాపకంలోంచి జారిపోయిందని దర్యాప్తు తేల్చింది. అడ్డుకోతల కాగితాలు పాతవి పారేయకండి అని చెప్పడానికే ఇది.

పియర్‌నంబర్3
అందరికీ ధన్యవాదాలు. ఇలా అనుకుంటున్నాం: పాయలో ఉన్న రెండు పియర్లకు చెరో ఎకో సౌండర్, చెరో కాలర్ గొట్టం 31.0 దాకా. నీటిమట్టానికి డెక్ కింద రాడార్. ఈ వరదకు తాడు, వించి. హద్దులు 39.0, 37.0, 35.2, డిజైనర్ ఒప్పుకుంటే. ఇంకా తేలనివి రెండు: కేబుల్ ఏ పక్క నుంచి తీయాలి, ఎకో సౌండర్ సరిగా ఉందని వేసవిలో ఎలా చూడాలి?

లాగర్‌గది
కేబుల్ పియర్ దిగువ ముఖం మీదుగా, గాల్వనైజ్డ్ ఇనుప గొట్టంలో, మీటరుకో క్లాంప్. ఎగువ ముఖం మీద ఉంటే మొదటి దుంగకే తెగుతుంది. ముక్కు నుంచి వెనక్కి తిప్పే భాగం ఒక్కటే బలహీనం, అక్కడ గొట్టం మీద యాంగిల్ కవచం వెల్డ్ చేయండి. లాగర్ పెట్టె 46.0 కంటే మీటరున్నర పైనైనా ఉండాలి.

పరీక్షకు బార్ చెక్. 60 సెం.మీ. ఉక్కు పళ్లేన్ని రెండు గొలుసులతో, కిరణానికి అడ్డంగా తిరిగేలా కట్టి ట్రాన్స్‌డ్యూసర్ ముందు, ఉన్న నీటి లోతు మేరకు మూడు వేర్వేరు దూరాల్లో నిలపండి. మూడింటిలోనూ ఒకే అంత తేడా వస్తే సున్నా తప్పు. దూరంతో పాటు తేడా పెరిగితే శబ్ద వేగం తప్పు. దగ్గరి దూరంలో సరిగా ఉండి అన్నిటికన్నా ఎక్కువ దూరంలో మాత్రమే తప్పితే కిరణం క్యాప్‌కు తగులుతోంది, కోణం ఇంకో 5 డిగ్రీలు వంచండి.

కాలర్‌గొట్టం
అదే రోజు కాలర్ గొట్టంలో డమ్మీ ప్రోబ్ కూడా దించి చూడండి. ఇసుక లోపలికి చేరి ఉంటే పంపు నీళ్లతో కడగాలి, పైమూత రబ్బరు రింగు మార్చాలి.